టైలర్ కొలతల పుస్తకం

మా తమ్ముడికి మార్కాపురం పొలిమేరలో పలకల ఫ్యాక్టరీ ఉంది. పలకలంటే పిల్లలు అక్షరాలు దిద్దుకునేవి కావు, ఆ బేరం ఎప్పుడో పలచబడింది. ఇప్పుడు అదే రాయిని ఇళ్ల గోడలకు అంటించే బిళ్లలుగా కోసి, చెక్కపెట్టెల్లో సర్ది, చెన్నై రేవుకు పంపుతారు. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ఆ ఫ్యాక్టరీతో నాకున్న సంబంధమల్లా మధ్యాహ్నం పూట ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని మా తమ్ముడి ఉత్తరాల్లో తప్పులు దిద్దడం. జీతం లేదు. టీ రెండుసార్లు ఇస్తారు.

పోయిన ఏడు వానాకాలంలో ఒక ఆదివారం, పట్టపగలు, కూలీలెవరూ లేని పూట, కోత మిషను మోటారు ఒకటి మాయమైంది. దాంతోపాటు కొత్త బ్లేడ్లు నాలుగు. అంతకుముందు కాపలా ఉన్న పెద్దాయన మోకాళ్ల నొప్పులతో మానుకుని రెండు నెలలైంది. ఆయన స్థానంలో మా తమ్ముడు గేటుకు ఒక బోర్డు తగిలించినాడు: 'ఈ స్థలం సీసీ కెమెరాల నిఘాలో ఉంది.' కెమెరాలు ఇంకా కొనలేదు. వచ్చిన దొంగలకు చదువన్నా వచ్చి ఉండదు, లేదా నా దగ్గరే చదువుకుని ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో నేర్చుకునన్నా ఉండాలి.

పోలీసు కంప్లయింటు ఇచ్చినాము. అది అట్ల ఉండగానే రాయి కొనే విదేశీ కంపెనీ వాళ్ల నుంచి ఒక ఫారం వచ్చింది. కూలీలకు చేతి తొడుగులున్నాయా, తాగునీళ్లు ఉన్నాయా అని బోలెడు ప్రశ్నలు. వాటి మధ్యలో ఒకటి: మీ సెక్యూరిటీ సర్వీసు ఏది, దాన్ని ఏ విధంగా పరిశీలించి ఎంచుకున్నారు?

మా తమ్ముడు ఆ ఫారం తెచ్చి నా ముందు పెట్టినాడు.

"అక్కా, నువ్వు పేపర్లు దిద్దినదానివి. ఇది నీ పనే."

"సెక్యూరిటీ వాళ్లని దిద్దలేదు రా నేనెప్పుడూ."

"ఎవరైతే ఏంది? మనుషులే గదా. బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ ఉంది చూడు, నల్లబట్టలోళ్లది. ఆ ఏజెన్సీని పిలుద్దాం. ఆ ఫోటో చూస్తేనే నాకు భయమేసింది."

ఆ ఫ్లెక్సీ నేనూ చూసినాను. ఎనిమిది మంది కండలు తిరిగిన మనుషులు, నల్ల అద్దాలు, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరి ముఖాలు మన వైపు ముఖాల్లాగా లేవు. ఒకతని వెనకాల మంచు కూడా కనపడుతోంది.

ముందు ఫోనులో వెతికినాను. ఆ ఏజెన్సీ గురించి నెట్‌లో ఉన్నది ఒక పేరూ, గిద్దలూరు చిరునామా, మూడు మెచ్చుకోళ్లు. మూడింటికీ ఐదేసి నక్షత్రాలు. ఒకరు 'సూపర్' అన్నారు. ఇంకొకరు 'గుడ్ సర్వీస్ మామా' అన్నారు. మూడో ఆయన 'చికెన్ ఫ్రై బాగుంది కానీ పార్సిల్ లేటు' అని రాసినాడు. వెబ్‌సైటు తెరిస్తే ఒక గుండ్రటి చక్రం తిరుగుతా ఉంది. టీ తాగి వచ్చి చూసినా తిరుగుతానే ఉంది.

మర్నాడు ఆ ఏజెన్సీ ఓనరు వచ్చినాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆ ఎండలో కోటు వేసుకుని వచ్చినాడు, పాపం. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా కారుతోంది, తుడుచుకుంటే మర్యాద తక్కువనుకున్నాడేమో, అట్లనే వదిలేసినాడు. ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపించినాడు. గద్ద బొమ్మ, డాలు బొమ్మ, భూగోళం చుట్టూ చేతులు పట్టుకున్న మనుషుల బొమ్మ. 'మా దగ్గర డెబ్బై మంది ట్రైన్డ్ స్టాఫ్ ఉన్నారు మేడమ్' అన్నాడు. 'ఇరవై నాలుగు గంటలూ మా కంట్రోల్ రూమ్ పనిచేస్తుంది' అన్నాడు. ముఖ్యంగా, నేను లెక్కల టీచరునని తెలియగానే లేచి నిలబడి, "నాకు లెక్కలంటే ప్రాణం మేడమ్" అన్నాడు.

నేను తెల్లకాగితం మీద గీతలు గీసి మార్కులు వేసుకుంటున్నాను. మాటతీరు, తయారీ, అనుభవం, అన్నీ కలిపి నూటికి ఎనభై రెండు వచ్చినాయి. ఆ లెక్కలంటే ప్రాణం అన్న మాటకే ఒక పది వేసినాననుకుంటా. ముప్పై ఏళ్ల సర్వీసులో నా దగ్గర ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు మరి.

"లైసెన్సు ఉందా బాబూ?" అని అడిగినాను.

"ఉంది మేడమ్. రెన్యువల్లో ఉంది."

"పాతది?"

"అది ఇస్తేనే గదా మేడమ్ రెన్యువల్ చేసేది." ఆ మాట నాకు చాలా సబబుగా అనిపించింది. ఆ రోజు నాకు అన్నీ సబబుగానే అనిపించినాయి.

ఆయన సర్వీసు వాడుతున్న వాళ్ల నంబర్లు మూడు రాసిచ్చి పోయినాడు. ఒకటి హోటల్, ఒకటి రైసుమిల్లు, ఒకటి ఇంగ్లీషు మీడియం స్కూలు. సాయంత్రం నేను హోటల్ ఆయనకి ఫోన్ చేసినాను. "చాలా మంచి సర్వీసు మేడమ్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు. కళ్లు మూసుకుని తీసుకోవడానికా సెక్యూరిటీ అనుకున్నాను గానీ పైకి అనలేదు. వెనకాల ఎక్కడో టకటకటకమని చప్పుడు. రైసుమిల్లు మేనేజరుకి చేసినాను. ఆయనకి జలుబు చేసినట్టుంది, ముక్కుతో మాట్లాడినాడు. ఆయన వెనకాల కూడా టకటకటక. స్కూలాయన గొంతు బొంగురుగా, పెద్దమనిషి తరహాగా ఉంది. "ఆల్ ది బెస్ట్ మేడమ్" అన్నాడు. టకటకటక.

ఫోను పెట్టేసి కూర్చున్నాను. నా తరగతిలో హాజరు పిలిచేటప్పుడు రాని వాడి బదులు పక్కవాడు గొంతు మార్చి 'ప్రెజెంట్' అనేవాడు. మొదటి సంవత్సరం మోసపోయినాను. రెండో సంవత్సరం నుంచి తల ఎత్తకుండానే పట్టుకునేదాన్ని. ఎంత మార్చినా ఆఖరున ఊపిరి తీసుకునే తీరు మారదు. ఈ ముగ్గురూ ఒకే తీరుగా ఊపిరి తీసుకున్నారు.

ఎనభై రెండు మార్కులు వేసిన కాగితాన్ని మా తమ్ముడికి అప్పటికే చూపించేసినాను. అదే నా బాధ.

ఆయన వచ్చిపోయిన మూడో రోజు పొద్దున బస్సెక్కి గిద్దలూరు పోయినాను. ఆఫీసంటూ ఒకటుంటే కళ్లతో చూసి వద్దామని. చిరునామా పట్టుకుని సందులు తిరిగితే ఒక టైలరు దుకాణం ముందు తేలినాను. మేడ మీద గదికి తాళం. తాళం మీద సాలెపురుగు గూడు. కింద దుకాణంలో యాభై ఏళ్లాయన మెడలో టేపు వేసుకుని మిషను తొక్కుతున్నాడు. టకటకటక.

ఆ చప్పుడు వినగానే నాకు నవ్వొచ్చింది. కోపం రావాల్సింది గానీ నవ్వే వచ్చింది.

ఊరికే పోయి సమాచారం అడిగితే ఎవరు చెప్తారు? పక్క దుకాణంలో చొక్కా గుడ్డ రెండు మీటర్లు కొనుక్కుని వచ్చినాను.

"అన్నా, మా ఆయనకి చొక్కా కుట్టాలి."

"కొలతలక్కా?"

నేను ఆయన్ని పైకీ కిందికీ చూసి, "నీ అంతే ఉంటాడు" అన్నాను. ఆయన తన భుజానికి తనే టేపు పెట్టుకుని, వేళ్లతో కష్టపడి పట్టుకుని కొలుచుకున్నాడు. నేను రెండో చివర పట్టుకున్నాను. దాంతో ఇద్దరికీ చనువొచ్చింది.

"పైన సెక్యూరిటీ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారన్నా?"

"అది ఆఫీసు గాదక్కా, బోర్డు. ఆ పిల్లోడు బోర్డు పెట్టుకుంటానంటే ఇంటాయన ఒప్పుకున్నాడు. ఆ పిల్లోడి తమ్ముడు అప్పుడప్పుడు వచ్చి ఇక్కడ నా స్టూలు మీద కూర్చుని ఫోన్లు మాట్లాడతా ఉంటాడు. మొన్న సాయంత్రం కూడా వచ్చినాడు. ఒకసారి ముక్కు పట్టుకుని మాట్లాడినాడు. ఏంది నాయనా జలుబా అంటే, బిజినెస్ అన్నాడు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"వాళ్ల యూనిఫాంలు నువ్వేనా కుట్టేది?"

"నేనే. ఈ చుట్టుపక్కల సెక్యూరిటీ బట్టలన్నీ నేనే." ఆయనకి ఆ మాట గొప్పగా ఉంది. అరలోంచి ఒక పొడుగాటి పుస్తకం తీసినాడు. లోపల పేరు, భుజం, ఛాతీ, నడుం, పొడుగు. నేను అడగకముందే పేజీ తిప్పి చూపించినాడు. "చూడక్కా. ఈ నల్లబట్టలాయన మొత్తం కుట్టించింది నాలుగు జతలు. నాలుగే. నీకెంతమందని చెప్పినాడు? నాకు నూరని చెప్పినాడులే. ఆ నాలుగు జతలనే రెండు నెలలకోసారి తెస్తాడు. ఒకసారి నడుం బిగించమంటాడు, ఇంకోసారి వదలమంటాడు. పోయినసారి చేతులు రెండంగుళాలు పొడుగు చెయ్యమన్నాడు. గుడ్డ యాడ్నించి తేవాలి? ఆ ప్యాంటు కుట్ల మీద కుట్లు పడి జల్లెడైంది."

అంటే రెండు నెలలకోసారి ఆ బట్టల్లో మనిషి మారిపోతున్నాడు. నేను ఫోనులో, వెబ్‌సైటులో, ల్యాప్‌టాప్‌లో వెతికినది ఆ పుస్తకంలో ఉంది.

"మరి మనుషులు నిలిచేది ఎవరి దగ్గరన్నా?"

ఆయన వేలు తడి చేసుకుని వెనక్కి తిప్పినాడు. "రాచర్లలో మిలిటరీ ఆయన ఒకాయన ఉన్నాడు. బోర్డూ లేదు, ఏం లేదు. ఇరవై మంది కంటే ఎక్కువుండరు. ఏడాదికి రెండు జతలు, ఎవరిది వాళ్లకి కొత్తవి. ఇదిగో, వాళ్లలో ఈయన చూడు. ఆరేళ్లుగా కుడుతున్నాను. ముప్పై రెండు నడుం. మరుసటేడు ముప్పై మూడు. ఇప్పుడు ముప్పై ఆరు." పుస్తకం మూసి నా వైపు చూసి నవ్వినాడు. "వేళకి తిండి తినే ఉద్యోగమక్కా అది."

చొక్కా వారానికి ఇస్తానన్నాడు. మా ఆయనకి ఆ చొక్కా ఇప్పటికీ భుజాల దగ్గర వదులే. ఎవరి కొలతలో చెప్పలేదు నేను.

వచ్చే దారిలో కంభంలో దిగినాను. మిలిటరీ ఆయన మనిషి ఒకామె అక్కడ ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర పనిచేస్తుందని టైలరే చెప్పినాడు. ముప్పై ఏళ్లుంటాయామెకి. నీలం చొక్కా, ప్యాంటు, జడ మడిచి పైకి కట్టుకుంది. నన్ను చూడగానే, "ఓపీకా అక్కా, పేషెంటును చూడ్డానికా?" అని అడిగింది.

"నిన్ను చూడ్డానికమ్మా."

భయపడింది ముందు. సంగతి చెప్తే తేలికపడింది గానీ డ్యూటీలో మాట్లాడనంది. "ఒంటిగంటకి నా బదులు ఇంకొకామె వస్తుంది, అప్పటిదాకా కూర్చోండి" అని బెంచీ చూపించింది. నేను ముప్పావుగంట కూర్చున్నాను. ఆ ముప్పావుగంటలో తాగి వచ్చిన ఒకాయన్ని గొంతు పెంచకుండా వెనక్కి పంపింది. ఆయన పోతా పోతా ఆమెకే దణ్ణం పెట్టి పోయినాడు.

ఒంటిగంటకి నిజంగానే ఇంకొకామె వచ్చింది. మేమిద్దరం చెట్టు కింద ఆమె క్యారియరు ముందు కూర్చున్నాము. ఆమెది అర్ధవీడు పక్కన అడవి అంచు ఊరు. వాళ్ల నాయన నల్లమలలో తేనె, బంక తెచ్చి అమ్మేవాడట. ఈమె ముందు పనిచేసింది ఎవరి దగ్గరో తెలుసా, ఆ కోటాయన దగ్గర!

"మూడు నెలలు చేసినానక్కా. మొదటి రోజు బట్టలిచ్చినారు, ఇంకొకరివి, చెమట వాసన పోలేదు. ఒక ఫంక్షన్ హాలు కాడ దింపి పోయినారు. ఏం చెయ్యాలో చెప్పలేదు. నేను సినిమాల్లో చూసినట్టు వచ్చినోళ్లందరికీ సెల్యూట్ కొట్టినాను. పెళ్లోళ్లకి, వంటోళ్లకి, పాలాయనకి కూడా. పాలాయన తిరిగి కొట్టినాడు. ఆయన ఒక్కడే." ఆమె నవ్వింది, తర్వాత అన్నం కలపడం ఆపింది. "నాకు జ్వరమొస్తే రావద్దన్నారు. ఇంక ఎప్పటికీ రావద్దన్నారని తర్వాత తెలిసింది."

"ఈయన?"

"ఈయన పది రోజులు ఇంటి కాడ నేర్పినాడక్కా. మంటలొస్తే ఆర్పే సిలిండరు ఎట్ల వాడాలి, ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలి, తాగినోడితో ఎట్ల మాట్లాడాలి. ఆయనే తాగినోడిలాగా తూలి చూపించినాడు. వాళ్లావిడ గడప కాడ కూర్చుని ఒకటే నవ్వు." ఫోను తీసి పీఎఫ్ మెసేజీ చూపించింది. నేను అడగలేదు. ఎవరికో ఒకరికి చూపించాలని ఉన్నట్టుంది. "అడవిలో ఎట్ల చూడాలో మా నాయన నేర్పినాడు. గేటు కాడ ఎట్ల చూడాలో ఈయన నేర్పినాడు" అంది.

ఆ రోజు ఇంటికొచ్చి నా మార్కుల కాగితం తీసి చూసుకున్నాను. అప్పజెప్పిన పాఠానికి మార్కులేసినాను గానీ, పరీక్ష పెట్టలేదు. కొత్త టీచర్లు చేసే తప్పు అది. సిగ్గేసింది. కాగితం చించబోయి, మా తమ్ముడు దాన్ని ఫోనులో ఫోటో తీసుకున్న సంగతి గుర్తొచ్చి మానుకున్నాను.

మర్నాడు మళ్లీ బస్సెక్కి, గిద్దలూరు నుంచి ఆటోలో రాచర్ల పోయినాను. మిలిటరీ ఆయన ఇంటి వసారాలో భార్యతో కలిసి కందికాయలు వలుస్తున్నాడు. తెల్ల మీసం, నిటారు వెన్ను. నేను సంగతి చెప్తే లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. మళ్లీ కందికాయలు అందుకున్నాడు.

"మీ గురించి నెట్‌లో ఎక్కడా ఏం లేదండి" అన్నాను.

"పెట్టడం రాదు మేడమ్."

"ఒక కార్డన్నా?"

"ఉండేవి. అయిపోయినాయి."

లైసెన్సు అడిగితే ఇనపపెట్టెలోంచి తెచ్చినాడు. నేను అద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివినాను. తేదీ ఉంది. ముద్ర ఉంది. ఇంకా రెండేళ్ల గడువుంది. ఆయన నేను చదివినంతసేపూ కాయలు వలుస్తా ఉన్నాడు, వాళ్లావిడ మాత్రం పరీక్ష హాలు బయట తల్లిలాగా నన్నే చూస్తా ఉంది.

మీ సర్వీసు వాడే వాళ్ల నంబర్లు ఇవ్వండి అని అడగబోయి ఆగిపోయినాను. టకటకటక గుర్తొచ్చింది. "మీ సర్వీసు వద్దని మానేసిన వాళ్ల నంబరు ఇవ్వండి" అన్నాను.

ఆయన మొదటిసారి కాయలు వలవడం ఆపినాడు. నాకు కొంచెం భయమేసింది, మర్యాద తప్పినానేమోనని. తర్వాత లేచి గోడ మీద క్యాలెండరు వెనక రాసుకున్న నంబరు చెప్పినాడు. చంద్రశేఖరపురంలో ఒక కల్యాణమండపం ఓనరుది. "ఆయనకి నా మీద కోపం మేడమ్. అయినా నిజమే చెప్తాడు" అన్నాడు.

అక్కడే, ఆయన ఎదురుగానే ఫోన్ చేసినాను. మిలిటరీ ఆయన మర్యాదగా లేచి పెరట్లోకి పోయినాడు. ఫోనులో మిలిటరీ ఆయన పేరు వినగానే ఆ ఓనరు ఒంటికాలి మీద లేచినాడు.

"ఆయనా? వద్దమ్మా తల్లీ, వద్దు! మా బామ్మర్ది కారుని గేటు కాడ ఆపినారు. నా బామ్మర్దిని! పేరు రాసి సంతకం పెట్టమన్నారు. సరే అదట్ల ఉండనీ. మా వదిన పెట్టె తీసుకుని వెనక గేటు నుంచి పోతుంటే, ఎవరిదమ్మా ఆ పెట్టె అని అడిగినారు. పెళ్లికూతురి పెట్టె, తన చెల్లెలికి అందిద్దామని తీసుకుపోతా ఉంది. చుట్టాల ముందు నా పరువు పోయింది. ఆయన్ని పిలిచి అరిస్తే ఏమన్నాడో తెలుసా? మా వాళ్లు తప్పు చెయ్యలేదు సార్ అన్నాడు. అంతే! ఒక్క సారీ లేదు!"

"ఏమన్నా పోయినాయా అండీ, ఆయన వాళ్లు ఉన్నప్పుడు?"

"అప్పుడు పోలేదు. ఇప్పుడు పోతున్నాయి" అన్నాడు, గొంతు తగ్గించి. తర్వాత మళ్లీ పెంచినాడు. "అయినా వద్దమ్మా!"

నేను ఫోను పెట్టేసేసరికి మిలిటరీ ఆయన భార్య నా ముఖం చూసి, "మజ్జిగ తాగుతావా అమ్మా?" అని లోపలికి పోయింది. అప్పటిదాకా ఇవ్వాలా వద్దా అని ఆగినట్టుంది.

మర్నాడు ఆయన మా ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినాడు. మా తమ్ముడు ఆయన్ని చూసి నా చెవిలో, "ఈయనా అక్కా? మన దొంగలు ఈయన్ని చూసి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు" అన్నాడు. మిలిటరీ ఆయన వినలేదో, విననట్టున్నాడో. చేతులు వెనక్కి కట్టుకుని ఆవరణంతా గంటన్నర తిరిగినాడు. రాళ్ల గుట్టలు, డీజిలు గది, మోటార్లు అన్నీ చూసినాడు. వెనక గోడ దగ్గర నిలబడిపోయినాడు. అక్కడ గోడ కూలి, మనిషి దూరేంత సందుంది. ఆ సందు ముందు నేల అరిగి నున్నగా, బాట పడి ఉంది.

"ఇది ఎవరి దోవ సార్?"

"మా కూలీలది" అన్నాడు తమ్ముడు. "చుట్టూ తిరిగి రాలేక."

"మీరూ?"

తమ్ముడు నా వైపు చూసినాడు. నేను ఆకాశం వైపు చూసినాను. వాడు ఆదివారం పూట ఇంట్లో తెలియకుండా పేకాటకి పోయేది ఆ సందులోంచే అని నాకు అప్పుడే తెలిసింది.

మిలిటరీ ఆయన లోపలికొచ్చి నీళ్లు తాగి చెప్పినాడు. "మీకు ఎక్కువమంది అక్కర్లేదు సార్. పగలొకరు, రాత్రొకరు, సెలవుకి వాళ్ల బదులు ఒకరు. ముందు ఆ గోడ కట్టించండి. డీజిలు గదికి తాళం మార్చండి. రాళ్లు ఎవరూ ఎత్తుకుపోరు, వాటికి కాపలా పెట్టొద్దు. గోడ కట్టించినాక పిలవండి, అప్పుడు మా వాళ్లని పంపిస్తాను. గోడ లేకుండా పంపిస్తే వాళ్లకి చెడ్డపేరు వస్తుంది."

బేరం తగ్గించి చెప్పే మనిషిని మా తమ్ముడు జన్మలో చూడలేదు. "ఇందులో ఏదో మతలబుంది అక్కా" అని వారం రోజులు అనుమానపడినాడు. ఆ వారంలోనే గోడ కూడా కట్టించినాడు, మూలుగుతానే.

కోటాయనకి నేనే ఫోన్ చేసి చెప్పినాను. తప్పించుకుందామనుకున్నాను గానీ, ఆ ఎండలో కోటు గుర్తొచ్చి మనసొప్పలేదు.

"బాబూ, నీ దగ్గర ఎంతమంది ఉన్నారు? నిజం చెప్పు."

"డెబ్బై..." అన్నాడు. నేను మాట్లాడలేదు. తరగతిలో కూడా అంతే, మాట్లాడకుండా ఉంటే చాలు. "నలుగురు మేడమ్" అన్నాడు. "మొదలుపెట్టేటప్పుడు ఎవరికైనా అంతే గదా మేడమ్. నలుగురని చెప్తే ఎవరు పిలుస్తారు?"

డెబ్బై అన్నందుకే గదా నేనూ మార్కులు వేసింది. "ఆ నలుగురూ మారకుండా నిలిచేటట్టు చూసుకో. జ్వరమొస్తే తీసెయ్యొద్దు. లైసెన్సు తీసుకో. అప్పుడు నాకే ఫోన్ చెయ్, నేను నలుగురికి చెప్తాను" అన్నాను.

"మా తమ్ముడు బాగా మాట్లాడినాడా మేడమ్?" అని అడిగినాడు పెట్టేసే ముందు.

"రైసుమిల్లు బాగుంది. స్కూలు కొంచెం ఎక్కువైంది" అన్నాను. నవ్వినాడు.

మిలిటరీ ఆయన వాళ్లు వచ్చి మూడు నెలలైన తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, అద్దాలు ఆఫీసులో మరిచిపోయి తెచ్చుకుందామని ఫ్యాక్టరీకి పోయినాను. మా తమ్ముడు ఒంగోలులో ఉన్నాడు. ఎండ కుమ్మేస్తోంది. గేటు దగ్గర నీలం చొక్కాలో ఎవరో నిటారుగా నిలబడి ఉన్నారు. దగ్గరికి పోతే మిలిటరీ ఆయన. ఆయన సైజు బట్టలే, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పక్కన స్టూలు మీద క్యారియరు, నీళ్ల సీసా.

"ఏందండీ ఇది! మీరు నిలబడినారు?"

"పగటి డ్యూటీ వాడి అమ్మకి బాగా లేదు మేడమ్. ఆసుపత్రికి పోయినాడు. సెలవు మనిషి పెళ్లికి పోయినాడు, దానికి ముందే ఒప్పుకున్నాను."

"పోనీ ఒక్కపూట గేటుకి తాళం వేసి పోతే ఏమైతుంది? మమ్మల్ని అడిగి ఉంటే సరేననే వాళ్లం గదా."

"మనిషి ఉంటాడని రాసిచ్చినాను గదా" అన్నాడు. ఆ మాట గొప్పగా ఏం అనలేదు, మామూలుగా అన్నాడు.

పొద్దున ఆరుకి వచ్చినాడట. రాచర్ల నుంచి ఆ వేళకి బస్సు లేదు, పాలవ్యాన్లో గిద్దలూరు దాకా వచ్చి, అక్కడ రైలు పట్టుకుని వచ్చినాడు. ఆయన వయసు అరవై మూడని లైసెన్సులో చదివినదాన్ని నేను. వెనక్కి ఇంటికి పోయి చెంబు నిండా మజ్జిగ కలిపి, ఉప్పు, కరివేపాకు వేసి తెచ్చినాను. ఆయన చెంబు అందుకోకుండా బల్ల మీద రిజిస్టరు నా వైపు తిప్పినాడు.

"నేనండీ! ఇందాకే గదా చూసినారు?"

"ఇందాక లోపలికి పోలేదు మేడమ్, బయట్నించే పోయినారు. ఇప్పుడు లోపలికొచ్చినారు."

పేరు రాసినాను. టైము రాసినాను. వచ్చిన పని అనే గడి దగ్గర పెన్ను ఆగింది. ఆయన ఎదురుచూస్తున్నాడు. 'మజ్జిగ' అని రాసినాను. ఆయన వంగి చదివి, తల ఊపి, అప్పుడు చెంబు అందుకున్నాడు. నిలబడే తాగినాడు.